సెస్యూ హయకావా: 'ది చీట్'లో జపానువాడా, బర్మావాడా? 1922 తర్వాత ఎటు పోయాడు?

పాతరీలు
జపాను నటుడు సెస్యూ హయకావా విలన్‌గా వేసిన హాలీవుడ్ మూకీ 'ది చీట్' (1915) గురించి ఎక్కడ చదివినా ఆ విలన్ పేరు హిషురు టోరీ, జపాను దంతపు సరుకుల వ్యాపారి అనే ఉంటుంది. నెట్‌లో దొరికే ప్రింటు తెరిస్తే టైటిలు కార్డు మీద హాకా అరకావు, బర్మా దంతపు రారాజు. ఏది అసలు? ఎవరు మార్చారు, ఎలా మార్చారు?

ఇంకోటి. 1919 నాటికి చాప్లిన్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్‌ల సరసన వినపడే పేరు హయకావాది. 1922 దాటాక హాలీవుడ్‌లో మనిషి మాయం. ఎవర్ని అడిగినా "జాతి వివక్షండీ" అని చేతులు దులిపేసుకుంటున్నారు. వివక్ష 1915లో లేదా? అప్పుడెలా ఎక్కాడు, తర్వాత ఎందుకు దిగాడు? పోస్టరు బొమ్మ పెట్టి "లెజెండ్" అనేసి పోయేవాళ్లు వద్దు. వివరం తెలిసినవాళ్లు చెప్పండి.

నేలటిక్కెట్టు
లెజెండ్.

లాంతరు
రెండూ అసలే. 1915 డిసెంబరు విడుదలలో టోరీ, 1918 రీ-రిలీజులో అరకావు.

మొదటి విడుదలప్పుడే లాస్ ఏంజెలెస్ జపానువాళ్లు గొడవ చేశారు. అక్కడి జపనీస్ పత్రిక 'రాఫు షింపో' గట్టిగా రాసింది. అప్పుడు కంపెనీ పట్టించుకోలేదు. 1918కి వచ్చేసరికి మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా, జపాను ఒకే పక్షం. మిత్రదేశం మనిషి తెల్ల ఆడదాని భుజం మీద కాల్చిన ముద్ర వేస్తున్నట్టు చూపిస్తే బాగోదు కదా. బర్మావాణ్ణి చేసేశారు.

మార్చడం మూకీలో చాలా తేలిక. నటుణ్ణి పిలవక్కర్లేదు, సెట్టు వెయ్యక్కర్లేదు. కొత్త కార్డులు రాయించి, వాటిని ఫోటో తీసి, నెగటివులో పాత కార్డు ఉన్నచోట కోసి కొత్తది అతికిస్తే అయిపోయింది. పెదాలు ఏ పేరు పలికినా వినపడదు. ఇప్పుడు చలామణిలో ఉన్న కాపీలు ఆ 1918 రూపం నుంచి వచ్చినవే, అందుకే మీకు అరకావు కనిపించాడు.

కార్డు మారింది గానీ బొమ్మ మారలేదు. సినిమా మొదట్లోనే అతను నిప్పుల కుంపట్లో ఇనుము కాల్చి తన దంతపు బొమ్మ అడుగున ముద్ర వేస్తుంటాడు. ఆ ముద్ర ఆకారం చూడండి, షింటో గుడి ముందుండే టోరీ ద్వారం. ఇంట్లో కాగితపు తలుపులు, ఒంటిమీద కిమోనో. ఈ బర్మా రారాజు ఇల్లంతా జపానే.

కోరంగి ఓడ
బర్మానే ఎందుకు ఎంచుకున్నారంటే, ఉత్తరాలు రాసి గొడవపెట్టడానికి లాస్ ఏంజెలెస్‌లో బర్మావాళ్ల పేట లేదు, పత్రిక లేదు. పైగా 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, మాట్లాడ్డానికి రాయబారి కూడా లేడు. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు మోసిన మన కోరంగీలకి (బర్మా వెళ్లిన తెలుగు కూలీలకి) చూపిస్తే "ఇదెక్కడి బర్మారా బాబూ" అని నవ్వేవాళ్లు.

వరంగల్ బాల్కనీ
నేను సూసిన కాపీల అందరు చీమలు గుట్టిన తీరు ఉరుకుతున్నరు. ఆయన నటన గొప్పది, కదలకుంట నిలవడుతడు అంటరు. నాకైతే గట్ల కనవడలే.

ఫ్రేము పంతులు
బాల్కనీ గారూ, తప్పు నటుడిది కాదు, వేగానిది. హయకావా సినిమా చూసేముందు చెయ్యాల్సిన మొదటి పని ఇదే, కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను.

35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలంటే 16,000 ఫ్రేములు. సెకనుకి 16 చొప్పున తిప్పితే 16 నిమిషాల 40 సెకన్లు నడుస్తుంది. 18 చొప్పున 14 నిమిషాల 49 సెకన్లు. 20 అయితే 13 నిమిషాల 20 సెకన్లు. టాకీ వేగం 24లో తిప్పితే 11 నిమిషాల 7 సెకన్లకే రీలు ఖాళీ. 1915లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్లు, సుమారు 16 నుంచి 20 మధ్య. ఒకే సినిమాలో కూడా సీనుకీ సీనుకీ తేడా ఉంటుంది.

ఇప్పుడు పాత టెలివిజన్ కాపీ ఎవడో 24లో నేరుగా ఎక్కించి ఉంటాడు. 18లో తీసింది 24లో చూస్తే మూడోవంతు వేగం ఎక్కువ. చాప్లిన్‌కైతే నష్టం లేదు, నవ్వు ఇంకాస్త వస్తుంది. హయకావాకి మాత్రం ప్రాణం పోతుంది. అతని పనంతా కనురెప్ప దించడానికి ముందు ఆగిన ఆ సెకనులో ఉంటుంది. మూడు సెకన్లు ఆగినవాడు రెండుంపావులో కదిలిపోతే మామూలు విలనే.

చెయ్యాల్సింది: ప్లేయరులో వేగం 0.75 పెట్టండి, 24 కాస్తా 18 అవుతుంది. ఇంకా హడావుడిగా ఉంటే 0.67, అంటే 16. మనుషుల నడక చూసి నిర్ణయించకండి, నటులు నడక మార్చుకుంటారు. పొగ లేచే తీరు, చీరకుచ్చిళ్లలాంటి గౌను అంచు ఊగే తీరు, గ్లాసులో పోసే నీళ్లు చూడండి. వాటికి నటన రాదు.

వరంగల్ బాల్కనీ
గింత లెక్క ఎందుకన్నా, 0.75 కొడితే అయిపాయె అని మొదలే చెప్పరాదు.

ఫ్రేము పంతులు
అన్నిటికీ కొడితే చెడుతుంది. బాగుచేసిన కాపీలు కొన్ని ముందే సరైన వేగానికి తెచ్చి ఉంటాయి. ఎలా తెస్తారంటే, 18ని 24 చెయ్యడానికి ప్రతి మూడు ఫ్రేముల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపిస్తారు. మీరు ఫ్రేము ఫ్రేముగా నొక్కుకుంటూ వెళ్లండి. నాలుగుసార్లు నొక్కితే అందులో ఒకసారి బొమ్మ కదలకపోతే ఆ పని అయిపోయిందని అర్థం. దానిమీద మళ్లీ 0.75 పెడితే అందరూ నీళ్లలో నడుస్తున్నట్టుంటారు.

లాంతరు
వేగంతో పాటు వెలుగు కూడా చెప్పాలి. ఆ రోజుల్లో స్టూడియో సీన్లకి మామూలు పద్ధతి, పైన పల్చటి తెల్లగుడ్డ కట్టి ఎండని నలువైపులా సమంగా పరచడం. 'ది చీట్'లో దర్శకుడు డిమిల్, కెమెరామన్ ఆల్విన్ వైకాఫ్ ఆ గుడ్డ తీసేశారు. కార్బన్ ఆర్క్ దీపం ఒక పక్కనుంచి కొట్టి, రెండో పక్క చీకటి అలాగే వదిలేశారు. కుంపటి ముందు కూర్చున్నప్పుడు వెలుగు కిందనుంచి వస్తుంది, మొహంలో సగమే కనపడుతుంది.

అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు. ఎర్రటిది నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. చర్మంలో ఎరుపు ఉంటుంది కాబట్టి మొహాలు మచ్చలుమచ్చలుగా వస్తాయని అందరూ దట్టంగా రంగు పూసేవాళ్లు. హీరోయిన్ ఫ్యానీ వార్డ్ మొహం సున్నం కొట్టిన గోడలా ఉండటానికి కారణం అదే. పక్కనుంచి పడే వెలుగులో హయకావా దవడ, కనుబొమ్మల ఎముక నీడలు పట్టి నిలబడ్డాయి.

కాగితపు తలుపు షాటు కూడా అంతే. దీపం తలుపు వెనక పెట్టారు. తుపాకి దెబ్బ తిన్నవాడి నీడ కాగితం మీద జారుతుంది, కాగితానికి రక్తం అంటుతుంది, ఇవతల నిలబడ్డ భర్తకి కనపడేది ఆ నీడే. మాట ఒక్కటి అక్కర్లేదు.

నేలటిక్కెట్టు
సగం మొహమే చూపిస్తే సగం టిక్కెట్టే ఇస్తామనలేదా జనం?

లాంతరు
నిజంగా అన్నారట! డిమిల్ చెప్పుకున్న కథ ప్రకారం అది 'ది వారెన్స్ ఆఫ్ వర్జీనియా' సినిమాకి. సగమే కనపడితే ఎగ్జిబిటర్లు (థియేటరువాళ్లు) సగం డబ్బే ఇస్తారని న్యూయార్క్ ఆఫీసు గోల పెడితే, ఇది రెంబ్రాంట్ వెలుగని వైరు కొట్టాడట. దాంతో రేటు పెంచి అమ్మారని కూడా ఆయనే చెప్పుకున్నాడు. ఈ కథని మొత్తంగా నమ్మక్కర్లేదు అనుకోండి. 'ది చీట్' లెక్క మాత్రం బాగానే తేలింది. ఖర్చు 17 వేల డాలర్ల పైచిలుకు, రాబడి లక్షా 37 వేల దాకా.

చిత్రకళ
ఇంతసేపూ ఒక్కరూ త్సురు అవోకీ పేరెత్తలేదు. హయకావా సినిమాల్లోకి రాకముందే ఆవిడ తెరమీద ఉంది. కవకామి ఓతోజిరో, సదా యక్కో దంపతుల నాటక బృందంతో 1899లో చిన్నపిల్లగా అమెరికా వచ్చింది, కాలిఫోర్నియాలో తోషియో అవోకీ అనే చిత్రకారుడు పెంచుకున్నాడు. నిర్మాత థామస్ ఇన్స్ దగ్గర ముందు పనిచేసింది ఆవిడే. లాస్ ఏంజెలెస్ లిటిల్ టోక్యోలో నాటకాలాడుతున్న హయకావా ఇన్స్ చేతికి చిక్కింది ఆ తర్వాత.

1914 జనవరిలో సకురజిమా అగ్నిపర్వతం పేలింది. ఇన్స్ కంపెనీ ఊరుకుంటుందా, ఆ వార్త వేడి తగ్గకముందే 'ది రాత్ ఆఫ్ ది గాడ్స్' తీసి జూన్‌కల్లా వదిలేసింది. అందులో ఆవిడ హీరోయిన్, హయకావా ఆవిడ తండ్రి! అదే ఏడు మే 1న ఇద్దరికీ పెళ్లయింది.

నేలటిక్కెట్టు
పెళ్లి మేలో, తండ్రి వేషం జూన్‌లో. మన ఇండస్ట్రీలో కూడా ఇంత స్పీడు లేదు.

డల్లాస్ దోసె
రెండో ప్రశ్నకి వస్తాను. వివక్ష అనే మాట గాలిలో మాట కాదు, చట్టం రూపంలో ఉంది. పౌరసత్వ చట్టం ప్రకారం తెల్లవాళ్లకి, 1870 నుంచి ఆఫ్రికన్ సంతతివాళ్లకి మాత్రమే పౌరసత్వం. తకావో ఒజావా కేసులో 1922 నవంబరులో సుప్రీంకోర్టు జపానువాళ్లకి లేదని తేల్చింది. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థిండ్ కేసులో మన భారతీయులకీ లేదంది. 1924లో వలసల తలుపే మూసేశారు. అలాంటి చోట ఎంత స్టారైనా ఎన్నాళ్లుంటాడు?

పాతరీలు
దోసె గారూ, తారీకులు కలవట్లేదు. ఆయన ఆఖరి హాలీవుడ్ మూకీ 'ది వెర్మిలియన్ పెన్సిల్' 1922 మొదటి నెలల్లోనే వచ్చేసింది. ఒజావా తీర్పు నవంబరు. తీర్పు చూసి సర్దుకున్నాడనడం కుదరదు. పైగా పౌరసత్వం 1915లోనూ లేదు, అప్పుడే కదా స్టారయ్యాడు.

డల్లాస్ దోసె
తీర్పు ఒక్కరోజులో ఊడిపడదు కదండీ. కాలిఫోర్నియా భూమి చట్టం 1913లో వచ్చింది, 1920లో ఇంకా బిగించారు. వాతావరణం అంటున్నాను.

వరంగల్ బాల్కనీ
భూమి కొనొద్దని చట్టముంటె మరి హాలీవుడ్‌ల ఫ్రాంక్లిన్, ఆర్గైల్ వీధుల మూలకు గా కోటలెక్క ఇల్లు ఎట్ల వెట్టిండు?

డల్లాస్ దోసె
ఆ చట్టం దెబ్బ వ్యవసాయ భూమి మీద. జపానుతో 1911లో జరిగిన ఒప్పందం ఇళ్లు, దుకాణాలు పెట్టుకోవడానికి వీలిచ్చింది. టమాటాలు, స్ట్రాబెర్రీలు పండించుకునే రైతుకి భూమి లేదు, సినిమా స్టారుకి ఇల్లు ఉంది.

కోరంగి ఓడ
నా లెక్క వేరు. వాతావరణం ఉంది, కాదనను. కానీ దింపింది కథల కరువు, పంపిణీ.

కథ సంగతి ముందు. కాలిఫోర్నియాలో తెల్లవాళ్లకీ 'మంగోలియన్లకీ' పెళ్లి చెల్లదు, 1948లో పెరెజ్ కేసులో కొట్టేసేదాకా. తెరమీద కూడా అదే గీత. కాబట్టి హయకావా కథ రాసేవాడికి ఉన్న దారులు మూడే. తెల్ల హీరోయిన్ని ప్రేమిస్తే చివర్లో చావాలి. లేదా ఆమెని తెల్ల హీరో చేతిలో పెట్టి తప్పుకోవాలి. లేదా హీరోయిన్ కూడా ఆసియా అమ్మాయి కావాలి, అంటే అవోకీ, కాకపోతే రంగు పూసుకున్న తెల్ల నటి. 'ది చీట్' తీసిన లాస్కీ కంపెనీలో (తర్వాత పారామౌంట్‌లో భాగం) మొదటి రెండూ అరగదీశారు. ఆ చిరాకుతోనే 1918లో సొంత కంపెనీ హావర్త్ పెట్టాడు, నాలుగేళ్లలో ఇరవై పైచిలుకు సినిమాలు తీశాడు. ఏడాదికి ఐదారు సినిమాలు, మూడు ముగింపులు. ఎన్నాళ్లు లాగుతావు?

వేషాలు చూడండి: జపాను, చైనా, హవాయి, మెక్సికో, అరబ్బు. 1919లో 'ది మ్యాన్ బినీత్'లో మనవాడు కూడా, డాక్టర్ చిందీ అశుతోర్ అనే హిందూ వైద్యుడు! స్కాట్లండు అమ్మాయిని ప్రేమిస్తాడు, ముగింపు ఏమిటో చెప్పక్కర్లేదు.

నేలటిక్కెట్టు
చిందీ అశుతోర్... ఆధార్ కార్డులో పేరు తప్పు పడినట్టుంది.

చిత్రకళ
త్యాగంలో మన దేవదాసు కూడా ఇతని ముందు చాలడు. ఆయనైనా ఒక్కసారే కదా.

లాంతరు
ఓడ గారు 'పంపిణీ' అని ఊరుకున్నారు, అసలు దెబ్బ అక్కడుంది. హావర్త్ సినిమా తీయగలదు, థియేటరుకి చేర్చలేదు. మొదట మ్యూచువల్ సంస్థ ద్వారా, తర్వాత రాబర్ట్‌సన్-కోల్ ద్వారా పంచేవాళ్లు. 1919 నుంచి పారామౌంట్ అధినేత జూకర్ కోటి డాలర్ల షేర్లు అమ్మి థియేటర్లే కొనడం మొదలెట్టాడు. పెద్ద స్టారు సినిమా కావాలంటే మిగతా బొమ్మలూ మూకుమ్మడిగా తీసుకోవాలని ఎగ్జిబిటరు మెడ మీద కత్తి. మంచి హాళ్లలో తారీకులన్నీ అలా నిండిపోతే బయటి నిర్మాతకి మిగిలేవి చిన్న ఊళ్లు, వారం మధ్య రోజులు. దానిమీద 1920-21 మాంద్యం. డబ్బు పెట్టే పంపిణీదారు మాట పెరుగుతుంది, నిర్మాత మాట తగ్గుతుంది. 1922 నాటికి హయకావా సొంత కంపెనీలోనే జీతగాడి లెక్క.

డల్లాస్ దోసె
అయితే తెల్ల స్వతంత్ర నిర్మాతలకీ అదే దెబ్బ తగిలింది కదా. వాళ్లు పెద్ద కంపెనీలో నటులుగా చేరిపోయారు. ఇతనికి ఆ తలుపు ఎందుకు తెరుచుకోలేదు? మళ్లీ నా మాటకే వస్తున్నారు.

కోరంగి ఓడ
ఒప్పుకోను గానీ, ప్రశ్న బాగుంది. 1919లో దర్శకుడు గ్రిఫిత్ 'బ్రోకెన్ బ్లాసమ్స్'లో చైనా హీరో వేషం రిచర్డ్ బార్తెల్మెస్‌కి ఇచ్చాడు. ఆసియా హీరోకి గిరాకీ ఉందని హయకావా నిరూపించాక, ఆ వేషాన్ని తెల్లవాడితో వేయించడం ఇంకా సౌకర్యం అయింది. హావర్త్ వాళ్లే 'ది డ్రాగన్ పెయింటర్'లో జపాను గురువు వేషం ఎడ్వర్డ్ పీల్ అనే తెల్ల నటుడికి ఇచ్చారు, చూశారా? అదే పీల్ 'బ్రోకెన్ బ్లాసమ్స్'లో చైనా విలన్.

వరంగల్ బాల్కనీ
'ది షేక్' సినిమల హీరో వేషం ఈయన వద్దంటెనే వాలెంటినోకు వొయిందట గద?

లాంతరు
ఆ కథ అన్నిచోట్లా తిరుగుతుంది, నమ్మడం కష్టం. 'ది షేక్' 1921 పారామౌంట్ సినిమా. హయకావా 1918లోనే ఆ గడప దాటేశాడు. అతని గురించి తిరిగేవాటిలో చాలా కథలకి మూలం 1960లో వచ్చిన అతని స్వీయచరిత్రే. సముద్రంలో దూకి చెవి పాడైతే నేవీలో తీసుకోలేదని హరాకిరి చేసుకోబోవడం, చికాగో యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానంలో జుజుత్సు పట్లు పట్టడం, ఇవన్నీ అవే. అచ్చయిన విడుదల తేదీ, కంపెనీ పేరు, బతికున్న ప్రింటు, వీటితో సరిపోలినవి మాత్రమే తీసుకోండి. పుట్టిన ఏడు కూడా పాత పుస్తకాల్లో 1889 అని ఉంటుంది, 1886 వాడండి.

చిత్రకళ
"ఎటు పోయాడు" అన్న ముక్కకి జవాబు: ఫ్రాన్సుకి. అక్కడ 'ది చీట్' ఎంత పిచ్చిగా ఆడిందంటే 1921లో దాన్ని ఒపేరాగా కట్టారు. రచయిత్రి కొలెత్ అతని నటన గురించి రాసింది. 1923లో 'లా బతాయ్' అనే సినిమా, జంటగా మళ్లీ అవోకీ. 1931లో 'డాటర్ ఆఫ్ ది డ్రాగన్'కి హాలీవుడ్ పిలిచింది, అన్నా మే వాంగ్ పక్కన. అందులో కూడా చైనా విలన్ ఫూ మాంచూ వేషం స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్‌ది! 1937లో ఫ్రెంచివాళ్లు 'ది చీట్'నే మళ్లీ తీసి మళ్లీ ఇతన్నే పెట్టారు. యుద్ధం వచ్చాక ఫ్రాన్సులోనే ఇరుక్కుపోయాడు, బొమ్మలు వేసి అమ్ముకున్నాడు.

పాతరీలు
జపానులో ఎందుకు నెత్తిన పెట్టుకోలేదు?

చిత్రకళ
'ది చీట్' దెబ్బకే. దేశం పరువు తీసిన ద్రోహి అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ సినిమాని అక్కడ విడుదలే చెయ్యలేదు. అమెరికావాళ్లకి మరీ జపానువాడు, జపానువాళ్లకి అమెరికావాడు. కానీ ఇన్స్, లాస్కీల దగ్గర చిన్న వేషాలు వేసిన కుర్రాళ్లు వెనక్కెళ్లి అక్కడి పరిశ్రమనే మార్చారు: థామస్ కురిహారా, కెమెరామన్ హెన్రీ కొతానీ, 'ది చీట్'లో నౌకరు వేషం వేసి తర్వాత దర్శకుడైన యుతాకా అబే.

డల్లాస్ దోసె
మన తరానికి తెలిసింది 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957)లో హయకావా వేసిన జపాను కర్నల్ సైటో. ఆస్కార్ నామినేషన్ వచ్చింది, సహాయనటుడి అవార్డు రెడ్ బటన్స్‌కి పోయింది. అదే సాయంత్రం సహాయనటి అవార్డు మియోషి ఉమేకీ గెలిచింది. తీసింది సిలోన్‌లోని కితుల్‌గల దగ్గర. యుద్ధంలో జపాను సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల ఆ నిజమైన బర్మా రైలుదారిలో చచ్చినవాళ్లలో యుద్ధఖైదీల కన్నా ఆసియా కూలీలు చాలా ఎక్కువ. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన తమిళులు, తెలుగువాళ్లూ ఉన్నారు. సినిమాలో వాళ్లు లెక్కలోకే రారు.

వరంగల్ బాల్కనీ
సరే, వరుసగ ఏం సూడాలె? నాలుగు చెప్పుండ్రి, నలభై చెప్పకుండ్రి.

లాంతరు
'ది టైఫూన్' (1914), 'ది చీట్', 'ది డ్రాగన్ పెయింటర్' (1919), ఆ తర్వాత నేరుగా 'క్వాయ్'. మొదటిదాంట్లో నాటకాల చేతులు ఇంకా ఊగుతుంటాయి. ఏడాదిలో అవి ఎలా ఆగిపోయాయో రెండోదాంట్లో కనపడుతుంది. మూడోది ఫ్రాన్సులో దొరికిన ప్రింటు నుంచి 1988లో బాగుచేశారు, కొండల సీన్లన్నీ యోసెమిటీ లోయ.

ఫ్రేము పంతులు
'డ్రాగన్ పెయింటర్' బాగుచేసిన కాపీ 53 నిమిషాలు ఉంటుంది. అదే దొరికితే వేగం ముట్టుకోకండి. 40కి అటూ ఇటూ ఉన్నది కనపడితే 24లో ఎక్కించిందని అనుమానించి 0.75 పెట్టి చూడండి.

నేలటిక్కెట్టు
పంతులు గారూ, సైటో కర్నల్‌కి ఎంత పెట్టమంటారు?

ఫ్రేము పంతులు
అది టాకీ అయ్యా. వదిలెయ్.